చెన్నిని చూడబోయిన రోజు

గోపాలప్ప వ్యాను దొడ్డి ముందు వచ్చి ఆగేసరికి మంచు ఇంకా విడలేదు. ఆంజనప్ప మేకల మధ్యనే నిలబడి ఉన్నాడు. ఈ ఒక్క పొద్దు ఆ బండి యాడైనా చెడిపోతే బాగుండునని తెల్లవార్లూ అనుకున్నాడు. చెడిపోలేదు.

అతని భార్య నాగవేణమ్మ అప్పటికే తలస్నానం చేసి, పెట్టెలోని చీర తీసి కట్టుకొని, తల్లో పూలు పెట్టుకొని వాకిట్లో కూర్చుంది. ఒళ్ళో గుడ్డమూట. అందులో బెల్లం పాకం పట్టిన బొరుగుల ఉండలు. కూతుర్ని చూడటానికి వియ్యాలవారింటికి బయలుదేరిన తల్లిలాగ ఉంది.

"మామా, ఎక్కు. మేకల్ని పక్క దొడ్డి కుప్పుసామి చూసుకొంటానన్నాడు కదా. మళ్ళా ఏమి నీకు?" అంది.

ఆంజనప్ప ఎక్కి కూర్చున్నాడు.

ఏడేండ్ల కిందట, ఇలాంటి చలికాలంలోనే, వాళ్ళ కూతురు చెన్నమ్మ దారి తప్పిన మేకపిల్ల కోసం దొడ్డి వెనక్కి పోయింది. ఆరేండ్ల పిల్ల. ఇంకా వెలుతురుంది. మేకపిల్ల ఒకటే తిరిగి వచ్చింది. పక్కనున్న బొమ్మిడి ఊరి నుంచి కూడా మనుషులొచ్చి కొండంతా వెతికారు. రాతిగుట్ట కింద ముళ్ళపొదలో పిల్ల లంగా దొరికింది. చుట్టూ చిరుతపులి అడుగులున్నాయి. ఇంకేమీ దొరకలేదు. పూడ్చిపెట్టడానికి ఏమీ లేదు. దీపం పెట్టడానికి ఒక చోటంటూ లేదు.

ఆ తర్వాత నాగవేణమ్మ కొండెక్కడం మొదలుపెట్టింది. వేళాపాళా లేదు. "చెన్నీ, చెన్నీ" అని పిలుచుకుంటూ పోయేది. ఆంజనప్ప చేయి పట్టి దించుకొచ్చేవాడు. అతను మేకల వెంట పోగానే మళ్ళీ పోయేది. ఒకనాడు చూస్తే గుట్టలోని గుహ మొగదల కూర్చొని, లోపలి చీకటితో మాట్లాడుతోంది. ఇది ఇట్లాగే సాగితే ఈమెను కూడా చిరుత తీసుకుపోతుందని అతనికి అర్థమైంది. అక్కడికక్కడే నోటికొచ్చిన అబద్ధం చెప్పాడు.

"ఆ చిరుత ఈడ లేదు నాగేణీ. ఫారెస్టు వాళ్ళు పట్టేసినారు. హొగెనకల్ దారిలో జంతువుల పార్కుందే, ఆడ బోన్లో పెట్టినారు."

నిజానికి అది ఎవరికీ చిక్కలేదు. కొండ మీద బోను పెట్టిన మాట నిజమే గానీ చిరుత దాని దగ్గరికే రాలేదు. ఊళ్ళో వాళ్ళకి ఆంజనప్ప చెప్పుకున్నాడు. ఆమె మేలుకే కదా అని అందరూ ఆమెతో ఆ మాటే అన్నారు. నాగవేణమ్మ ఆనాడే కొండ దిగింది, నీళ్ళు పోసుకుంది, సంగటి తింది.

ఆ అబద్ధం ఇంకెక్కడికి పోతుందో ఆంజనప్ప అనుకోలేదు. కొన్నాళ్ళకి ఆమె పొయ్యి దగ్గర కూర్చొని మెల్లగా అంది: "బిడ్డ దాని కడుపులోకే కదా పోయింది మామా. అయితే అది యాడుంటే చెన్ని ఆడనే ఉంటాది. ఒక్కసారి పిల్చుకొని పో. చూసి వస్తాను."

ప్రతి చలికాలమూ అదే అడిగేది. అతను ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పి తప్పించేవాడు. మేకలు ఈనుతున్నాయనో, ఒంట్లో బాగాలేదనో. ఈ ఏడు ఆమె తమ్ముడు గోపాలప్ప ధర్మపురిలో వ్యాను డ్రైవరుగా చేరాడు. అక్క అడగగానే సరేనన్నాడు. ఇక తప్పించుకునే దారి లేకపోయింది.

వ్యాను కడత్తూరు మీదుగా ధర్మపురి చేరి, పెన్నాగరం వైపు తిరిగింది. నాగవేణమ్మ దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది. ఏడేండ్లలో అంత మాట్లాడటం అతను వినలేదు. ఆ పార్కులో అతను ఎన్నడూ అడుగు పెట్టలేదు. అక్కడ చిరుతపులి అసలు ఉందో లేదో కూడా తెలియదు.

పెన్నాగరంలో టీ తాగడానికి ఆగినప్పుడు, నిజం చెప్పేద్దామని గోపాలప్పను పక్కకి పిలిచాడు.

"ఏమి బావా?"

"ఏమీ లేదురా. పదిలంగా నడుపు" అని తిరిగొచ్చేశాడు.

పార్కులో మొదట మొసళ్ళ మడుగు. అవి ఎండకు నోళ్ళు తెరుచుకొని కదలకుండా పడున్నాయి. తర్వాత జింకలు, నెమళ్ళు. బడిపిల్లలు వరసలో నిలబడి చూస్తున్నారు. నాగవేణమ్మ దేన్నీ చూడలేదు. ఖాకీ చొక్కా వేసుకున్న కావలి మనిషి అన్నామలై దగ్గరికి నేరుగా పోయి, చిరుతపులి ఎక్కడని అరవంలో అడిగింది.

"ఆ చింతచెట్టు అవతల, కడపటి బోను" అన్నాడు అన్నామలై.

దేవుడే ఆ జంతువును అక్కడ పెట్టాడనుకున్నాడు ఆంజనప్ప.

బోనులో వెనకగోడకి ఆనుకొని చిరుత పడుకొని ఉంది. నాగవేణమ్మ కంచె దగ్గర గొంతుక్కూర్చుంది. మూట విప్పి ముందు పెట్టుకుంది.

"చెన్నీ" అని పిలిచింది.

చిరుత చెవి కదిలింది.

"చెన్నీ, అమ్మొచ్చిందే."

అది లేచింది. తొందర లేకుండా నడుచుకుంటూ వచ్చి, ఇనపకమ్ముల దగ్గర ఆగి ఆమె ముఖంలోకి చూసింది. ఇది ఆ చిరుత కాదని ఆంజనప్పకి తెలుసు. అయినా పిలిస్తే వచ్చింది.

నాగవేణమ్మ దానితో మాట్లాడింది. మేకలెన్ని ఈనాయో చెప్పింది. మీ మామ గోపాలప్ప ఇప్పుడు బండి నడుపుతున్నాడని, ఆ బండిలోనే వచ్చామని చెప్పింది. నీకోసం బొరుగుల ఉండలు చేసి తెచ్చానంది. చిరుత కదలకుండా వింది. తర్వాత నోరంతా తెరిచి ఆవులించింది.

నాగవేణమ్మ మాట ఆగిపోయింది. పుట్టినప్పటినుంచి మేకల మధ్య బతికిన మనిషి. ఏ జంతువు నోరు తెరిచినా ముందు పళ్ళే చూస్తుంది.

"మామా" అంది, తల తిప్పకుండానే. "దాని పళ్ళు చూసినావా? ఒక్కటైనా అరగలే. పాలలాగుండాయి. ఇది పడుచుది. చెన్ని పోయినప్పుడు ఇది పుట్టే ఉండదు."

"అడివి జంతువుల సంగతి మనకేమి తెలుసు నాగేణీ..."

ఆమె లేచి వెళ్ళి అన్నామలైని అడిగింది. అతను సంబరంగా చెప్పాడు: "రెండేండ్ల ముందు మద్రాసు నుంచి కూనగా తెచ్చినారమ్మా. నేనే సీసాతో పాలు పట్టి పెంచినాను. పాపం, అడవి ఎట్లుంటుందో కూడా దానికి తెలియదు."

నాగవేణమ్మ తిరిగొచ్చి మూట కట్టింది. ఆ పక్కనే పోతున్న బడిపిల్లలను ఆపి, తలా ఒక ఉండ చేతిలో పెట్టింది. అన్నీ అయిపోయాక గుడ్డ దులిపి భుజాన వేసుకొని మొగుడి ముందుకొచ్చి నిలబడింది.

"పట్టలేదా దాన్ని?"

"పట్టలేదు."

"యాడుండాది?"

"కొండ మిందనే."

ఆమె అక్కడే మట్టిలో కూర్చుంది. అతనూ పక్కన కూర్చున్నాడు. చెప్పాడు. "నువ్వు కొండలో పడి తిరుగుతా ఉంటివి. ఒకనాటికి నిన్ను గూడా పోగొట్టుకొంటానని భయపడినాను. ఏమి చేసేది?"

ఆమె తిట్టలేదు, ఏడవలేదు. ఇంత మాత్రం అడిగింది. "నువ్వు దాన్ని చూసినావా?"

ఆంజనప్ప ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

"చూసినాను. పోయినేడు చలికాలంలో. పొద్దు గూకతా ఉండాది. గుట్ట మింద కూర్చొని మన దొడ్డి పక్కే చూస్తా ఉండింది. ముసలిదైపోయింది. ఎముకలు తేలినాయి. నా చేతిలో ఇంత రాయి ఉండింది నాగేణీ. విసిరింటే తగిలేది."

"విసర్లేదా?"

"చెయ్యి లేవలే. బిడ్డ దాంట్లోనే ఉండాదని నువ్వన్నావే, ఆ మాట చెవిలో పడింది. ఎట్ల కొట్టేది?" అన్నాడు. "మర్నాడు ఒక మేకపిల్ల తగ్గింది. నేను వెతకలే. ఆ తర్వాత గూడా అప్పుడొకటి, అప్పుడొకటి. నక్క ఎత్తుకొని పోయిందని నీకు చెప్తా ఉంటిని."

నాగవేణమ్మ అతని వైపు తిరిగి, కొత్తగా చూస్తున్నట్లు ముఖమంతా చూసింది. ఇన్నేండ్లూ ఆ నమ్మకం తనొక్కదానిదే అనుకుంది. బోనులో చిరుత మళ్ళీ గోడ దగ్గరికి పోయి పడుకుంది.

తిరుగు దారిలో ఎవరూ మాట్లాడలేదు. బావ, అక్క కొట్లాడుకున్నారేమో అనుకొని గోపాలప్ప కూడా నోరు మెదపలేదు.

మర్నాడు పొద్దున ఆంజనప్ప మేకల్ని విప్పేసరికి ఆమె కట్టె పట్టుకొని బయట నిలబడి ఉంది. "నేనూ వస్తాను" అంది. అతను వద్దని చెప్పబోయి మానుకొని, మేకల్ని ముందుకు తోలాడు.

ఆ చలికాలమంతా ఇద్దరూ కలిసే పోయారు. ఆమె మునుపటిలాగ అరిచి పిలవలేదు, గుహలు వెతకలేదు. మధ్యాహ్నం బండ మీద కూర్చొని చెన్ని సంగతులు చెప్పేది. ఏడేండ్లుగా ఆ ఇంట్లో ఆ సంగతులెత్తింది లేదు. పిల్ల మేకపొదుగు కింద నోరు పెట్టి పాలు తాగబోయి తన్నులు తిన్న సంగతి ఆంజనప్ప చెబితే, ఇద్దరూ నవ్వారు. నవ్వి, ఇద్దరూ ఒక్కసారే వెనక్కి తిరిగి చూశారు.

సంక్రాంతికి, అంటే తై నెల పుట్టడానికి ఇంకా నాలుగైదు రోజులుందనగా, ఒక సాయంత్రం మేకల్ని మళ్ళిస్తుంటే మంద మొత్తం టక్కున ఆగిపోయింది. ఒక్క మేక అరవలేదు. తలలన్నీ ఒకే దిక్కుకి తిరిగాయి. అక్కడ ఎండిన బోదగడ్డి తప్ప ఏమీ కనిపించలేదు. గాలి లేకపోయినా ఆ గడ్డిలో ఒకచోట కొంచెం కదిలింది.

ఆంజనప్ప కట్టె ఎత్తాడు. నాగవేణమ్మకీ భయంగానే ఉంది. ఆమె పళ్ళు టకటకమనడం అతనికి వినబడుతూనే ఉంది. అయినా అతని మోచేతి మీద చేయి వేసి కట్టెను కిందికి దించింది.

"మంచు పడతా ఉండాది" అంది గడ్డి వైపు చూస్తూ, ఇంట్లో మనిషితో అన్నట్లు. "మేము పోతాము."

ఇద్దరూ మేకల్ని ముందు తోలుకొని దిగారు. దొడ్డి చేరేదాకా ఎవరూ వెనక్కి చూడలేదు.