నూగున్న రకం

పొద్దున్నే అత్తమ్మ నా ముందు గిన్నెడు శనగపిండి పెట్టింది. పసుపు కూడా తనే కలిపింది, పాపం, నాకు ఆ పని తప్పించాలని.

“చేతులకు బాగా రుద్దుకో రాజ్యం. చెలక కాడికి ఆఫీసరమ్మ వస్తదంట, ఫోటోలు తీస్తరంట. ఆ నూగేంది, మొగోళ్ళ లెక్క!”

పెళ్లయి పదకొండేళ్లు. చుట్టాలింట్లో పెళ్లయినా, ములకలపల్లిలో మీటింగైనా, ముందు నా మోచేతుల దాకా ఈ పిండి పడాల్సిందే. చర్మం మండేది. నూగుకు మాత్రం సిగ్గు లేదు, వారానికల్లా మళ్లీ మొలిచేది. మా ఆయన సాయికిరణ్ ఏమీ అనడు, పొడుగు చేతుల జాకెట్లు కుట్టిస్తాడు. ఈసారి మాత్రం ఇంకో ముక్క కలిపాడు. “ఆ నోట్‌బుక్ నాకియ్యి, లెక్కలు నేను చదువుత. నలుగుర్ల నువ్వెందుకు, సిగ్గుపడతవ్.”

ఒళ్లు మండింది నాకు. ఏ రకాన్ని పురుగు తక్కువ తింటుందో చూడమని వ్యవసాయ శాఖ ఆఫీసరమ్మ నాలుగు రకాల సోయా విత్తనం ఇచ్చింది మొదలు, రోజూ చెలకకు వెళ్లింది నేను. వంట ముగించి, సాళ్ల మధ్య పాత చీర ముక్క పరిచి, మొక్కల్ని దాని మీదికి వంచి దులిపి, రాలిన లద్దె పురుగుల్ని ఒక్కొక్కటీ లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాసింది నేను. మొదట్లో జలదరించేది. ఇప్పుడు పప్పులో రాళ్లేరినట్టు ఏరేస్తున్నాను. మందు లేకుండా నిలబడిన రకాన్నే వచ్చే ఏడు మూడెకరాల్లోనూ వేస్తాం. అంత సంగతి చెప్పేటప్పుడు నేను ఇంట్లో ఉండాలట.

గిన్నె మీద మూత పెట్టి చెలకకు వెళ్లిపోయాను. ఒకటో రకం ఆకులు జల్లెడయ్యాయి. గుడ్డ మీద పద్దెనిమిది పురుగులు. మూడో రకం కింద మూడే. ఆ ఆకును వేలితో రాసి చూశాను. రెండు వైపులా ఒత్తుగా, గరుకుగా నూగు. పిల్ల పురుగు నోరు పెట్టడానికే సందు లేదు. పక్కనే నా చేయి ఆనించి చూసుకున్నాను. ఒక్కదాన్నే సాళ్ల మధ్య కూర్చుని పకపకా నవ్వాను.

పదకొండింటికి ఆఫీసరమ్మ వచ్చింది. సాయికిరణ్ నోట్‌బుక్ కోసం చేయి చాపాడు. జాకెట్ చేతులు మోచేతుల పైకి మడిచి, చాపిన ఆ చేతిలో చీర ముక్క ఒక కొస పెట్టాను. పట్టుకున్నాడు. పరిచాం, నేను దులిపాను, నేనే లెక్కలు చదివాను.

“మూడో రకాన్ని పురుగు ఎందుకు వదిలేసిందమ్మా?” అందామె.

“ఆకు పట్టి చూడండి మేడం. నూగుంది. నున్నగున్నదాన్నే తినిపోయినయ్.”

అందరూ పట్టి చూశారు. అత్తమ్మ కూడా, చాలాసేపు. ఫోటోలో నా చేతులు స్పష్టంగా పడ్డాయి. నాకు నచ్చాయి.

సాయంత్రం తినాలనిపించి ఉల్లి పకోడీ వేశాను. అత్తమ్మ రెండోసారి పళ్లెం నింపుకుంది.

“మంచిగ కరకరలాడుతున్నయే. ఇంట్ల శనగపిండి అయిపోయింది గద, ఏడికెళ్లి తెచ్చినవ్?”

“పొద్దున నా చేతులకని మీరిచ్చిందే, అత్తమ్మా.”