అయిదున్నర శ్రుతి

ముబష్షిరాది అయిదున్నర శ్రుతి. అందుకని రియాద్‌లోని ఆ ఇండియన్ స్కూల్లో గర్ల్స్ సెక్షన్ బృందగానం మొత్తానిదీ అయిదున్నరే. పల్లవి ఎత్తుకునే పిల్లకు ఎక్కడ హాయిగా ఉంటే హార్మోనియం అక్కడ మోగుతుంది, మిగతావాళ్ళు సర్దుకుంటారు. ఒక్కరే పాడే కచేరీకి పనికొచ్చే పద్ధతిని తెచ్చి మూడు వరసల పిల్లల మీద రుద్దితే ఏమవుతుందో ఎవరూ ఆలోచించలేదు. అందరికీ ఒకే కొలత చెప్పులు కొని, కాలు నొప్పి పుట్టినవాళ్ళనే తప్పుపట్టినట్టుండేది వ్యవహారం. పైగా ముబష్షిరా తండ్రి స్కూల్ కమిటీ మెంబరు. ఇక శ్రుతి మార్చమనే గుండె ఎవరికుంటుంది?

స్వర్ణకు అసలే లేదు. ఆమె ఆ స్కూల్లో ఇంకా టీచరు కాదు, టీచరు కాబోతున్న మనిషి. నిజామాబాద్‌లో సంగీతం నేర్చుకుని, పెళ్ళయ్యాక భర్త రాము వెంట రియాద్ వచ్చింది. బీఎడ్‌లో మిగిలింది టీచింగ్ ప్రాక్టీసు ఒక్కటే. దాని ఆఖరి పాఠం గురువారం. ప్రిన్సిపల్ వచ్చి కూర్చుంటుంది, సంగీతం టీచరు శ్రీలత మేడం మార్కులు వేస్తుంది. ఒక పాటను మొదటి నుంచి చివరిదాకా పాడించి, మధ్యాహ్నం నమాజుకు పిలిచే జుహర్ అజాన్ వినపడేలోపు ముగించాలి. అజాన్ మొదలైతే పాట ఆపాల్సిందే. నమాజు కాగానే బస్సులు బయల్దేరతాయి. ఆ పాఠం తప్పితే మరొకటి లేదు. ఏసీలు బాగుచేసే కంపెనీలో సూపర్‌వైజరైన రాముకు ఎక్కడో దక్షిణాన ఉన్న జిజాన్‌కు బదిలీ అయింది, వచ్చే నెలలో సామాను కట్టాలి. అక్కడ సంగీతం చెప్పే స్కూలు కోసం ఎంత వాకబు చేసినా దొరకలేదు. గురువారం పాసవ్వకపోతే ఈ చదువంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఆ గురువారానికి అడ్డం వచ్చింది గుల్షన్. తొమ్మిదో తరగతి, కడప పిల్ల, తండ్రి డ్రైవరు. మూడో వరసలో చివర నిలబడుతుంది. బరువైన గొంతు. అయిదున్నర దగ్గర పైకి అందుకోబోయి జారుతుంది, జారి ఎక్కడో పడుతుంది, పడ్డచోటే గట్టిగా పాడుతుంది. పిల్లకు పాటంటే ప్రాణం. అదే చిక్కు.

"ఆ వెనక అమ్మాయి టోటల్‌గా ఆఫ్ వెళ్ళిపోతోందండీ" అంది శ్రీలత మేడం, సోమవారం రిహార్సల్ కాగానే. "లిప్స్ మాత్రం కదపమనండి. వాయిస్ వద్దు."

స్వర్ణకు ఒక్క క్షణం అర్థం కాలేదు. "పాడొద్దని చెప్పాలా మేడం?"

"పాడొద్దని ఎందుకంటారు? పాడినట్టు నిలబడమనండి. తీసేస్తే పేరెంట్స్ ఫీలవుతారు. ఇదైతే ఎవరికీ బాధ ఉండదు. నేను ఎప్పట్నించో చేస్తున్నదే కదండీ."

ఎవరికీ బాధ ఉండదట! స్వర్ణకు ఒళ్ళు మండింది. కానీ మార్కులు వేసే చెయ్యి ఎదురుగా ఉంటే ఒళ్ళు ఎంత మండినా మొహం చల్లగానే ఉంచుకోవాలి. ఉంచుకుంది.

మర్నాడు ఇంటర్వెల్లో గుల్షన్‌ను ఒక్కదాన్నే పిలిచి, హార్మోనియం మూడో శ్రుతికి దించి పాడమంది. శ్రీలత మేడమే రాసి బాణీ కట్టిన మబ్బు పాట అది.

"మబ్బూ మబ్బూ ఏ ఊరి దానివి, మా డాబా మీద ఎందుకాగినావు..."

ఎక్కడా జారలేదు. గది నిండిపోయింది. గుల్షనే ఆశ్చర్యపోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తన గొంతు తనకే అలా వినపడటం అదే మొదటిసారి కాబోలు.

స్వర్ణ పరుగున శ్రీలత మేడం దగ్గరికి వెళ్ళింది. "కొంచెం దించితే సరిపోతుంది మేడం. నాలుగుకి..."

"ముబష్షిరా వాళ్ళ నాన్నగారికి మీరు చెప్తారా?" మేడం గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "మీ మంచికే అంటున్నానండీ. ఫైనల్ లెసన్ ముందు ఈ రిస్కెందుకు?"

సాయంత్రం రాముతో చెప్పుకుంది. రాము ప్లేటులోంచి తలెత్తకుండా విన్నాడు. "ఒక్క దినం నోరు మూస్కుంటె ఆ పిల్లకేమైతది? నువ్వు పాస్ గావాలె గద."

"నోరు మూసుడు కాదయ్యా. నోరు తెరిచి మూసుడు."

"ఏదైతేంది" అన్నాడు రాము. తర్వాత ఏమనుకున్నాడో, "నీకెట్ల మంచిగనిపిస్తె అట్ల జెయ్" అని లేచి వెళ్ళాడు. అలా అనేవాళ్ళతోనే వచ్చింది తంటా. తప్పు చేస్తే నెత్తిన రుద్దడానికి మనిషి దొరకడు.

బుధవారం స్వర్ణ చెప్పేసింది. వరండాలో, ఎవరూ లేకుండా చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

"గుల్షన్, రేపు పెదాలు మాత్రం కదుపమ్మా. గొంతు ఎత్తకు."

"యాల టీచర్? తప్పు పాడతాండానా?"

"తప్పు కాదు. శ్రుతి..." అని ఆగిపోయింది. ఆ మాట పూర్తి చేస్తే తప్పెవరిదో చెప్పాల్సి వస్తుంది.

గుల్షన్ ఆమె మొహంలోకి చూసింది. "సరే టీచర్" అంది. ఏడ్చినా, పోట్లాడినా బాగుండేది. ఆ "సరే" విన్నాక స్వర్ణకు తనమీద తనకే అసహ్యం వేసింది.

గురువారం ప్రిన్సిపల్ ముందు కుర్చీలో కూర్చుంది, పక్కన శ్రీలత మేడం. స్వర్ణ గోడ గడియారం వైపు చూసి హార్మోనియం తెరిచింది. అయిదున్నర. ముబష్షిరా పల్లవి ఎత్తుకుంది, వరసలు అందుకున్నాయి. పాట నున్నగా సాగింది. ఎక్కడా జారుడు లేదు. గుల్షన్ చెప్పింది చెప్పినట్టు చేస్తోంది. కళ్ళు పైకెత్తి, మబ్బును నిజంగా పిలుస్తున్నట్టు, ప్రతి మాటకూ పెదాలు విప్పుతోంది. రెండో చరణం దగ్గర ప్రిన్సిపల్ చెయ్యెత్తింది. పాట ఆగింది.

"ఆ చివరి అమ్మాయి ఎవరు? ఎంత లీనమై పాడుతోంది! ఆమెతో ఒక్కసారి పల్లవి విడిగా పాడించండి."

శ్రీలత మేడం పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. గుల్షన్ ముందుకొచ్చి నిలబడింది. వేరే దారి లేక స్వర్ణ శ్రుతి ఇచ్చింది.

గుల్షన్ పాడింది. అంటే, పెదాలు కదిపింది. గదిలో హార్మోనియం మోత, ఏసీ రొద తప్ప మరేమీ లేదు. మబ్బూ మబ్బూ అని పెదాలు కలిసి విడిపోయాయి, ఏ ఊరి దానివి అని సాగాయి. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వి, తామే భయపడి ఆపేసుకున్నారు.

"భయం లేదమ్మా, గట్టిగా" అంది ప్రిన్సిపల్.

గుల్షన్ మళ్ళీ మొదటి నుంచి కదిపింది. చప్పుడు లేదు. ఈసారి ప్రిన్సిపల్ వైపు కాదు, స్వర్ణ వైపు చూస్తూ కదిపింది. ఆ చూపులో కోపం ఉంటే స్వర్ణ తట్టుకునేది. కోపం లేదు. చెప్పిన మాట సరిగ్గా చేస్తున్నానా అని అడిగే చూపు అది.

"భయం కాదు మేడం" అంది స్వర్ణ. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "గొంతు ఎత్తొద్దని నేనే చెప్పాను. శ్రుతి ఆమెకు పొసగదు. మార్చాల్సింది పోయి, పిల్లను ఆపాను."

శ్రీలత మేడం పేరు ఎత్తలేదు. మేడం మాత్రం కుర్చీలో ముడుచుకుపోయింది. ప్రిన్సిపల్ ఏమీ అనక ముందే స్వర్ణ హార్మోనియం మూడుకు దించింది.

"ఇది నీ శ్రుతి గుల్షన్. పాడమ్మా."

గుల్షన్ తల అడ్డంగా ఊపింది. "ఒక్కదాన్నే వద్దు టీచర్. అందరితోనయితే పాడతా."

అందరితో అంటే అందరూ మూడుకు దిగాలి. గడియారం చూస్తే అజాన్‌కు ఇంక కాస్తే ఉంది. పాట ఒక్కసారి పాడటానికి సరిపోతుంది. "రండి, అందరూ" అంది స్వర్ణ. పాట మొదలైంది. గుల్షన్ గొంతు విప్పింది. మూడో వరస మొత్తం దాని మీద వాలి లేచింది. ప్రిన్సిపల్ ముందుకు వంగింది. ఈ ఊపులో చివరిదాకా వెళ్ళిపోతే పాస్ ఖాయమని స్వర్ణకు తెలిసిపోయింది. కళ్ళు చెమర్చాయి కూడా.

చరణంలో స్వరం కిందికి దిగేచోట ఆమె ముబష్షిరాను చూసింది. పెదాలు కదులుతున్నాయి. చప్పుడు లేదు.

ఎవరూ గమనించలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. పైగా కమిటీ మెంబరు కూతురు, ఇన్నాళ్ళూ అందర్నీ తన శ్రుతిలో ఈడ్చిన పిల్ల. ఒక్క పాటకు పడితే పడింది అనుకోవచ్చు. స్వర్ణ అనుకోబోయింది కూడా. అంతలో ముబష్షిరా గుటక మింగి, దొంగతనంగా అటూ ఇటూ చూసింది.

స్వర్ణ హార్మోనియం తిత్తి మూసింది. పాట ఆగిపోయింది.

"కంటిన్యూ చెయ్యండి! టైమ్ లేదండీ!" శ్రీలత మేడం గొంతు చీలింది.

"ముబష్షిరా, ఎక్కడ ఆగింది నీకు?"

"కిందికి రావట్లేదు టీచర్" అంది పిల్ల, ఏడుపు ఆపుకుంటూ.

ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టింది. మూడే మళ్ళీ పట్టి చూసింది, ముబష్షిరాకు అందలేదు. నాలుగు పట్టింది. ముబష్షిరాకు అడుగు అందింది. గుల్షన్ పైన కొంచెం మెడ సాచింది కానీ జారలేదు. "మిగతావాళ్ళు?" అని అడిగితే రెండో వరస పిల్ల ఒకతె, "మాకూ ఇదే ఈజీ టీచర్" అంది.

"మరి ఇన్నాళ్ళూ చెప్పరేమే?"

"ఎవరూ అడగలేదు కదా."

నాలుగులో పల్లవి ఎత్తుకున్నారు. మొదటి చరణం సగంలో ఉండగా బయటి మసీదు నుంచి అజాన్ వచ్చింది. అందరూ ఆగిపోయారు. స్వర్ణ తిత్తి మీద చెయ్యి పెట్టి నిలబడింది. జిజాన్, సామాను, ఇన్నాళ్ళ చదువు, అన్నీ ఒక్కసారే కళ్ళముందు తిరిగాయి. అజాన్ అయ్యాక ప్రిన్సిపల్ లేచి, "మార్కులు మీరు చూసుకోండి" అని శ్రీలత మేడంతో అని నమాజుకు వెళ్ళింది.

పిల్లలు సంచులు సర్దుకుంటున్నారు. శ్రీలత మేడం పెన్ను పట్టుకుని కూర్చుంది.

"పాట పూర్తి కాలేదండీ. రూల్ మీకూ తెలుసు. నేనేం రాయను?"

"పూర్తి కాలేదనే రాయండి మేడం" అంది స్వర్ణ. ఏడుపు వస్తోంది, ఆపుకోలేదు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

మేడం అదే రాసింది.

గుమ్మం దాకా వెళ్ళిన గుల్షన్ వెనక్కి వచ్చింది. "టీచర్, ఆదివారం రిహార్సల్ కూడా నాలుగులోనే గదా?"

ప్రాక్టీసు ఇవాళ్టితో సరి, ఆదివారం తను ఉండదు. స్వర్ణ శ్రీలత మేడం వైపు చూసింది. గుల్షన్ కూడా అటే చూసింది. సంచి జిప్పు వేసుకుంటున్న ముబష్షిరా చెయ్యి ఆగింది.

"నాలుగే" అంది శ్రీలత మేడం, కాగితం మీంచి తల ఎత్తకుండా.

పిల్లలు బస్సుకు పరుగెత్తారు. స్వర్ణ మేకుకు తగిలించిన, బయట వేసుకునే నల్ల అబాయా తీసుకుంది.