వంత లేని దరువు

టక్... టక టక్.

ఆ తర్వాత కాస్త ఖాళీ.

మళ్ళీ టక్... టక టక్. మళ్ళీ ఖాళీ.

గల్ఫు దేశంలో, అరాద్ కోట పక్కన, సముద్రపు గాలిలో, చెక్క మీద కర్ర దెబ్బ. దేవన్న చేతిలో రొట్టె ముక్క అలాగే ఆగిపోయింది.

స్టేజీ కట్టే పని. పొద్దున్నుంచీ ఇనుప పైపులు మోసి భుజాలు పడిపోయాయి. అందరూ నీడ వెతుక్కుని తింటుంటే, సౌండు చూడ్డానికి వచ్చిన తెల్లగడ్డం ముసలాయన మాత్రం రెండు బకెట్లు బోర్లించి, వాటి మీద గోనెసంచి మడిచి వేసి, చెక్క పలక పెట్టుకున్నాడు. పేరు కోల్డో. పొట్టి కర్రలు నిలువుగా పట్టి కొడుతున్నాడు... ఎదురు రోకలి లేకుండా ఒక్కడే వడ్లు దంచుతున్నట్టు.

తోటివాళ్ళు నవ్వారు. దేవన్న నవ్వలేదు.

ఆ ఖాళీ ఏమిటో అతనికి తెలుసు. వంత కోసం విడిచిన చోటు అది.

కంపెనీ వ్యాను నడిపే హైదరాబాదు బాఖర్, ముసలాయనతో నాలుగు ముక్కలు ఇంగ్లీషులో మాట్లాడి వచ్చాడు.

"స్పెయిన్ దిక్కు కొండలల్లోళ్ళంట దేవన్నా, బాస్కోళ్ళు. వాళ్ళ భాషల మాట్లాడితే బళ్లె కొట్టేటోళ్ళంట. వయసుకొచ్చినంక వీళ్ళు మూతపడ్డ ఫ్యాక్టరీలల్ల జొచ్చి, గిటార్లు పట్టుకొని, ఆ భాషలనే గొంతులు చించుకున్నరంట. పోలీసులు తన్నినా ఆగలేదంట. పంక్ పాటలంటరు భాయ్ వాటిని."

"మరి ఒక్కడే కొడుతుండేంది?"

"అది ఇద్దరు కొట్టేదేనంట. జోడీగాడు మత్తుసూదులు గుచ్చుకొని సచ్చిపోయిండంట. అప్పటి సంది ఆయన జాగ ఆయనకే ఇడిశిపెడుతుండంట."

దేవన్న రొట్టె ముక్క పక్కన పెట్టేశాడు.

అతనిదీ పాటే. జగిత్యాల దిక్కున ఊరూరా డప్పు, గజ్జె, ధూంధాం... ప్రత్యేక తెలంగాణ కోసం. పాట ఎత్తుకునేది దేవన్న. వంత పాడేది భీమన్న. ఎత్తుకున్నవాడు వంత తానే పాడుకోకూడదు — అది వాళ్ళ పాటల దళం కట్టుబాటు. ఎంతసేపైనా ఆగాలి. లాఠీ పడుతున్నా ఆగాలి. భీమన్న ఎన్నడూ ఆలస్యం చేయలేదు.

తెలంగాణ వస్తే ఎవరూ దుబాయి పోనక్కర్లేదని పాడారు.

తెలంగాణ వచ్చింది.

భీమన్నకు పదవి వచ్చింది. దేవన్నకు వీసా వచ్చింది.

వచ్చేముందు ఒక సభలో, కింద జనం మధ్య నిలబడి, దేవన్న కొత్త చరణం ఎత్తుకున్నాడు — దుబాయి పోయే బస్సు ఇంకా ఎందుకు నిండుతోందని. ఎత్తుకుని ఆగాడు. వేదిక మీద, మెడలో కండువాతో, భీమన్న తల దించుకున్నాడు.

వంత రాలేదు.

ఆ ఖాళీనే దేవన్న ఇంత దూరం మోసుకొచ్చాడు. గుదైబియా పేటలోని కూలీల గదిలో చుట్టూ అందరూ ఉంటారు. అయినా ఒంటరితనం ప్రాణం తీస్తుంది. ఇన్నేళ్ళలో అతను కూనిరాగం కూడా తీయలేదు.

మొన్న భీమన్న నుంచి వాయిస్ మెసేజ్. పదవి పోయింది, కండువా పోయింది. ఎట్లున్నవని కూడా అడగలేదు మహానుభావుడు. దేవన్న కట్టిన ఆ చరణమే... భీమన్న గొంతులో. ఆ తర్వాత ఖాళీ. ఖాళీలో ఎక్కడో కోడి కూసింది.

ఈసారి వంత దేవన్నది.

పాడితే క్షమించినట్టు. పాడకపోతే... పాట అక్కడికి అయిపోయినట్టు.

టక్... టక టక్.

దేవన్న ఉండబట్టలేక లేచాడు. రెండు కర్రముక్కలు ఏరుకుని, ఎదురుగా కూర్చుని, ఆ ఖాళీలో కొట్టాడు.

ముసలాయన చేతులు ఆగిపోయాయి. కళ్ళు నిండాయి. తల అడ్డంగా ఊపి, మెల్లగా ఏదో అన్నాడు.

"కోపం గాదంట దేవన్నా," అన్నాడు బాఖర్. "ఆ జాగ సచ్చిపోయినాయనదంట. గని... నీ జోడీగాడు బతికే ఉన్నడా అని అడుగుతుండు."

దేవన్న జేబులోని ఫోను తడుముకున్నాడు.

"ఉన్నడు."

కోల్డో తన కర్రలు దేవన్న ఒళ్ళో పెట్టి లేచి వెళ్ళిపోయాడు.

సాయంత్రం పని ముగిసింది. వ్యాను హారన్ కొడుతోంది. దేవన్న పలక దగ్గరే కూర్చున్నాడు. ఫోనులో భీమన్న మెసేజ్ కింద, మైకు గుర్తు మీద బొటనవేలు అదిమిపెట్టాడు. మరో చేత్తో కర్ర ఎత్తాడు. తలపైన విమానం దిగుతోంది. అది దాటేదాకా ఆగాడు. నోరు తెరిచి వంత అందుకున్నాడు.

టక్... టక టక్.

ఆ తర్వాత, సముద్రపు గాలిలో, కాస్త ఖాళీ...