రెండు కిలోహెర్ట్జ్‌ల ఎడం

శిరసిలో ఉదయం ఆరున్నర అంటే గజానన హెగడే చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకునే వేళ. ముప్పై ఏళ్ళు టెలిఫోన్ లైన్‌మన్‌గా ఊరందరి మాటలూ కలిపిన మనిషి, రిటైరయ్యాక సొంత మాటలకి మాత్రం ఫోన్ ముట్టుకోడు. కుమటలో ఉండే తిమ్మప్ప నాయక్‌తో ఆయన స్నేహమంతా హ్యామ్ రేడియోలోనే, అదీ మోర్స్ కీ మీద టకటకలతోనే. గాల్లో చెప్పుకోగలిగింది ఫోన్లో చెప్పుకుంటే పరువు తక్కువని ఇరవై రెండేళ్ళ కిందట ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు. రోజూ ఏడువేల ముప్పై కిలోహెర్ట్జ్‌ల దగ్గర కలుసుకుని, టిఫినేంటి, వానెంత, మోకాలెలా ఉంది అని వాకబు చేసుకునేవాళ్ళు.

పెరట్లో ఏరియల్ తీగ కిందే హెగడే భార్య భాగీరథి బట్టలారేసేది. తీగ మీద ఎప్పుడైనా ఒకటో రెండో పిలుపులు వాలి ఉండేవి. జవాబు రాని పిలుపులు పంపినవాడి తీగ మీదకే తిరిగొచ్చి కూర్చుంటాయి కదా. బూడిదరంగు, చలికి ముడుచుకున్న పిచ్చుకంత ఆకారం, ఒక్కోటి వక్కంత బరువు. జవాబొస్తే లేచిపోతాయి. "కాకులకంటే నయం, చీరలు పాడుచెయ్యవు" అనేది భాగీరథి.

గొడవ తెచ్చింది ఒక చిన్న బోర్డు.

తిమ్మప్ప రేడియో ఒకే ఒక్క క్రిస్టల్ రాయి మీద నడుస్తుంది. దాన్ని గాజుపలక మీద పదకొండు రోజులు తనే అరగదీసి, సరిగ్గా ఏడువేల ముప్పైకి తెచ్చుకున్నాడు. అది ఇంకెక్కడికీ కదలదు. హెగడే మాత్రం ఇద్దరి భోజనమంత ఖరీదుకి ఒక సింథసైజర్ మాడ్యూల్ తెప్పించాడు. అగ్గిపెట్టెలో పట్టేసే ఆ బోర్డు, ఏ ఫ్రీక్వెన్సీ అడిగితే దాన్ని పుట్టిస్తుంది. దాని చుట్టూ బిస్కెట్ల డబ్బాలో కొత్త రేడియో కట్టి, అంకెలు చూపించే డిస్‌ప్లే పెట్టాడు. అంత చవక బోర్డు అన్నాక ఎంతో కొంత తప్పు పోతుంది. ఎంత పోతుందో కొలిచి ప్రోగ్రామ్‌కి ఒక్కసారి చెప్పాలి. కాలేజీ ల్యాబ్‌లో కొలిపించి, నోటు పుస్తకంలో 'ఒక కిలోహెర్ట్జ్ ఎక్కువ' అని రాసుకుని, ఆ అంకె ప్రోగ్రామ్‌కి అప్పజెప్పి, పెళ్ళిచూపులకి వెళ్ళేవాడిలా తల దువ్వుకుని మరీ కీ ముందు కూర్చున్నాడు.

తిమ్మప్ప వినిపించాడు. కానీ డిస్‌ప్లే చూస్తే ఏడువేల ఇరవై ఎనిమిది.

"ఏమయ్యా, నీ రాయి రెండు కిలోహెర్ట్జ్‌లు కిందకి జారింది" అని కీ మీద కొట్టాడు హెగడే.

"నా రాయి ఉన్నచోటే ఉంది. జారింది నువ్వు."

"నా దగ్గర డిస్‌ప్లే ఉంది. నీ దగ్గరేముంది?"

"చెవులున్నాయి."

"ఆ చెవులకి డెబ్బై ఒకటి నిండాయి. ఆ గులకరాయిని చేపల గంపలో పడేసి ఇలాంటి బోర్డొకటి పెట్టుకో. కావాలంటే నేనే పంపిస్తా."

నిజంగానే కొరియర్లో పంపించాడు కూడా.

ఆ రోజు నుంచి హెగడే తన డిస్‌ప్లే ముప్పై అని చూపించేచోట బిగుసుకుని కూర్చున్నాడు. మీట వెంట్రుకవాసి తిప్పితే తిమ్మప్ప దొరుకుతాడు. తిప్పితే ఓడినట్టు. తనే ముందు పిలిచినా ఓడినట్టే. అందుకని పిలవడు, రేడియో బుస్సుమంటుంటే వింటాడంతే.

"ఇవాళ కూడా బుస్సేనా?" అనేది భాగీరథి కాఫీ ఇస్తూ.

"బుస్సే."

"పాముతో స్నేహం చేసినా ఈపాటికి ఒక మాట పలికేది."

పది నెలలు అలా గడిచాయి. ఒకరోజు భాగీరథి సరుకుల చీటీ రాయడానికి కాగితం వెతుకుతూ ఆ నోటు పుస్తకం తెరిచింది. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయింది.

"ఏమండీ, ఒకటి ఎక్కువొస్తోందని రాసుకున్నారు. ఎక్కువొస్తే తీసెయ్యాలి కదా. కింద చూస్తే కలిపారు."

"ప్రోగ్రామ్ అలాగే అడుగుతుంది."

"ప్రోగ్రామ్ ఏమడుగుతుందో నాకు తెలీదు. ఏడో తరగతి పిల్లలు ఏం చేస్తారో తెలుసు. ఒకటి తియ్యాల్సినచోట కలిపితే, తప్పు ఒకటి కాదు, రెండవుతుంది."

రెండు. హెగడే పుస్తకం తీసుకుని రేడియో ముందు కూర్చున్నాడు. ప్రోగ్రామ్‌లో ప్లస్ చెరిపి మైనస్ పెట్టాడు. డిస్‌ప్లే అదే ముప్పై అంది, మొన్నటి దాకా ఎంత నమ్మకంగా అందో అంతే నమ్మకంగా. మర్నాడు పిలిచాడు. బుస్. ఆ మర్నాడూ పిలిచాడు. మూడో రోజు కుమటకి ఘాట్ రోడ్డు దిగే బస్సెక్కాడు.

కుమటలో తిమ్మప్ప పెరట్లో తీగ బావిగట్టు ఎత్తుకి దిగిపోయింది. ఈ చివర కొబ్బరిచెట్టు నుంచి ఆ చివరి దాకా సందు లేకుండా పిలుపులు, మూడు వందలు ఉంటాయి.

"నడుం వంచండి హెగడేగారూ" అంది తిమ్మప్ప అక్క దుర్గక్క. "నాలుగు నెలలుగా ఈ ఇంట్లో అందరం మహారాజు దర్బారుకి వెళ్తున్నట్టే నడుస్తున్నాం."

తిమ్మప్ప వసారాలో గోడ గడియారం విప్పుకుని కూర్చున్నాడు. తలెత్తలేదు. "డిస్‌ప్లే ఏమంది?"

"అబద్ధం చెప్పింది. దానిచేత చెప్పించింది నేనే. నీ రాయి ఉన్నచోటే ఉంది."

"అది నాకు తెలుసులే."

"మరి రెండు రోజులుగా పిలుస్తుంటే పలకవేం?"

"విన్నాను. పలకడానికి లైసెన్సు లేదు. పోయిన నెలాఖరుకి గడువైపోయింది." గడియారంలోని ముల్లు తీసి గుడ్డమీద పెట్టాడు. "నీకు పంపినవన్నీ వచ్చి దానిమీద కూర్చున్నాయి. తీగ దిగేకొద్దీ నా కూత ఊరు దాటలేదు. ఇంకొకళ్ళని పిలిచినా వినపడలేదు. అవీ వచ్చి కూర్చున్నాయి. ఎవరికీ వినపడనివాడికి లైసెన్సెందుకని దరఖాస్తు పెట్టలేదు."

"గడువు దాటితేనేం, మళ్ళీ పరీక్ష రాయి."

"కుర్రాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చునా? రాసినా గాల్లో పిలుచుకోడానికి కొత్త పేరిస్తారు. నా వేలికి పాతదే వచ్చు."

"పన్నెండు రోజుల ముందు, గడువులోనే వచ్చి ఉంటే..." అంటూ దుర్గక్క మొదలుపెట్టింది.

"అక్కా, ఆయనకి ఇంకొంచెం పానకం పొయ్యి" అన్నాడు తిమ్మప్ప.

లేచేముందు హెగడే అడిగాడు. "వినడానికి లైసెన్సు అక్కర్లేదుగా?"

"అక్కర్లేదు."

మర్నాటి నుంచి హెగడే పది నెలల కిందటి పిలుపులకి జవాబులు మొదలుపెట్టాడు. రోజుకి ఒకటి, ఏ రోజు పిలుపుకి ఆ రోజు కబురే జవాబు. ఆ బుధవారం మన ఇంట్లో ఏం టిఫిను అని భాగీరథిని నిలేసి మరీ కనుక్కునేవాడు. కుమటలో ఒక్కొక్కటే లేచిపోయేవి. మగవాళ్ళ ఒట్టుతో తమకేం పని అని ఆడవాళ్ళిద్దరూ ఫోన్లో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. "నడుం వంచక్కర్లేదిప్పుడు, తల వంచితే చాలు" అంది దుర్గక్క రెండు నెలలయ్యాక.

కానీ హెగడేకి మోకాలెలా ఉంది అని అడక్కుండా ముగించడం చేతకాదు. తిమ్మప్ప వేలు కీ మీదే ఉంటుందట, నొక్కదట. ఆ ప్రశ్నలన్నీ శిరసికి తిరిగొచ్చి హెగడే తీగ మీద కూర్చున్నాయి. భాగీరథి బట్టల తాడుని ఒక మూర కిందకి దించుకుంది.

"అడక్కుండా ముగించొచ్చుగా" అంది.

"అడక్కపోతే వాడికి జవాబివ్వాలని ఎందుకనిపిస్తుంది?"

శ్రావణంలో దుర్గక్క ఫోన్ చేసింది. హెగడే టకటకలు వారంగా పల్చబడ్డాయట. ఆయనకి ఒంట్లో బాగానే ఉందా అని తమ్ముడు అడగమన్నాడట.

"ఏం చెప్పమంటారు?" అంది భాగీరథి, ఫోన్‌ని చేత్తో మూసి.

హెగడే కిటికీలోంచి, ప్రశ్నల బరువుకి కిందకి దిగిన తన తీగ వైపు చూశాడు. "నువ్వేం చెప్పకు. వాడడిగింది నన్ను. రేపు ఆరున్నరకి నేనే చెప్తాను."

మర్నాడు ఆరున్నరకి చెప్పాడు. అది కుమట చేరిందో లేదో చెప్పడానికి ఆ రోజు దుర్గక్క ఫోన్ చెయ్యలేదు.