తొంభై బారల దగ్గర

ఆ తాళ్ల ఫ్యాక్టరీ షెడ్డులో ఈ చివర నిలబడి ఆ చివర ఉన్న మనిషిని పిలవాలంటే గొంతు చించుకోవాలి. ఆ మనిషి తల తిప్పి ఎవరా అని వెతుక్కునేసరికి ఎందుకు పిలిచామో మనమే మర్చిపోతాం. వెడల్పు చూస్తే పదిమంది పక్కపక్కన నిలబడితే సరి, పొడుగు మాత్రం రెండు వందల బారలు. బార అంటే రెండు చేతులూ బార్లా చాపితే ఎంతో అంత. తాళ్లవాళ్లకు మీటర్లూ గీటర్లూ పట్టవు. పద్నాలుగేళ్లు మూతపడి పావురాల పాలైన ఆ ఆవరణ ఇప్పుడు ఇళ్లూ, కింద దుకాణాలూ, ఒక క్లినిక్కూ, పార్కూ ఉండే పేటగా మారుతోంది. పొడుగు షెడ్డు మొదటి సగంలో బడి వస్తుంది.

ఈ వ్యవహారమంతా నెత్తిన వేసుకున్నది ఒక ఆడమనిషి. సైటులో అందరికీ ఆవిడ మేనేజరమ్మ. పని దగ్గర రాక్షసి, మనసు వెన్న. ఒక్కటే జబ్బు, కాగితం మీద లేనిది లోకంలోనే లేదనుకుంటుంది. బడి కోసం నానా తిప్పలూ పడింది. కంపెనీవాళ్లు అక్కడ జిమ్ము పెడదామంటే, మూడు వందల ఇళ్లు కట్టి పిల్లల్ని బస్సెక్కించి ఎక్కడికో తోలుతారా అని వాళ్లతో ఏడాది పోట్లాడి గెలిచింది.

అయితే బడికి ఒక చిక్కు వచ్చిపడింది. ఫ్యాక్టరీ పాత నక్షాలో షెడ్డు నేల కింద ఒక నీటి తొట్టి గీసి ఉంది. నార తడపడానికి కట్టారట. ‘చక్రపు గోడ నుంచి తొంభై బారలు’ అని పక్కనే చేతిరాత. చక్రపు గోడంటే తాడు పేనే చక్రం బిగించిన ఈ చివరి గోడ. కింద డొల్ల పెట్టుకుని పైన బడి ఎవరూ కట్టరు కదా. సర్వేయరు తొంభై బారలు కొలిచి గుర్తు పెట్టాడు, తవ్వించారు. మట్టి తప్ప ఏమీ లేదు. ఇటు నాలుగు బారలు జరిగి ఒకటి, అటు నాలుగు బారలు జరిగి ఒకటి తవ్వారు. అక్కడా అంతే. భూమి లోపలికి చూసే యంత్రం తెప్పిస్తే, ఏళ్ల తరబడి తారు తాగిన ఆ నేల మీద అది పిచ్చిపిచ్చి గీతలు గీసి చేతులెత్తేసింది. ఆ తొట్టి గీశారే కానీ కట్టలేదని అందరూ తేల్చేశారు. ‘తొట్టి లేదు’ అన్న కాగితం కింద మేనేజరమ్మ సంతకం పెట్టింది. నేల తొలిచే బోరు మిషను దిగింది. శుక్రవారం పదింటికి మొదటి బోరు.

ఆ శుక్రవారం తొమ్మిదింటికి మేనేజరమ్మ తల్లి వచ్చింది. ఆవిడ ఆ షెడ్డులోనే పనిచేసి రిటైరైన మనిషి. తాడు పేనేవాళ్ల పని చూడనివాళ్లకు చెబితే నవ్వుతారు. నడుముకు నార కట్ట చుట్టుకుని, ఆ కొసను చక్రానికి తగిలించి, చక్రం తిరుగుతుంటే వేళ్ల మధ్య నుంచి పోగు వదులుతూ వెనక్కి నడవాలి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే పని. ఆ చివరకు చేరాక మళ్లీ మొదలు. షెడ్డును ముక్కలు చేసేలోగా ఒక్కసారి చూసిపోతానని ఆవిడ వారం నుంచి కూతురి ప్రాణం తోడేస్తోంది. తీరా వచ్చాక హెల్మెట్ పెట్టుకోమంటే, ఇన్నేళ్లు ఈ గిన్నె లేకుండానే బతికానని గొణిగి, చివరికి పెట్టుకుంది.

మేనేజరమ్మ ఒక కన్ను వాచీ మీద, ఒక కన్ను తల్లి మీద వేసి నడిపిస్తోంది. పూడ్చిన మూడు గుంటల దగ్గర తల్లి ఆగింది. ఎందుకు తవ్వారని అడిగితే కూతురు తొట్టి కథ గబగబా చెప్పి, తొంభై బారల దగ్గర ఏమీ లేదని ముగించింది.

“ఇది తొంభై అని నీకెవరు చెప్పారే?” అంది తల్లి.

“కొలిచామమ్మా.”

“టేపుతోనా?” అని తల్లి నవ్వింది. “పట్టు ఇలా.”

తాపీవాళ్లు గోడ వరసకు కట్టుకునే దారం ఉండ అక్కడే పడి ఉంది. తల్లి దాన్ని మూడు పేటలుగా సాగదీసి, ఒక కొస కూతురి చేతిలో పెట్టి, దారం వదులు కాకుండా బిగించి పట్టుకోమంది. తను రెండో కొసలో పుల్ల దూర్చి పురి ఎక్కించడం మొదలెట్టింది. డెబ్బై ఏళ్ల ఆ వేళ్లు తిప్పుతుంటే చూడటానికి కళ్లు చాలవు. పురి బిగిసేకొద్దీ దారం కూతుర్ని ముందుకు లాగింది. ఆవిడ ఒక అడుగు వేసింది, ఇంకో అడుగు వేసింది. నిలదొక్కుకోబోయి మళ్లీ రెండడుగులు వేసింది. తల్లి తిప్పడం ఆపేసరికి ఇద్దరి మధ్యా ఉన్న దూరంలో మూడో వంతు మాయమైంది.

“పోగు తొంభై బారలు పరిస్తే, పేనాక తాడు అరవై. తాడు బిగిసేకొద్దీ అవతల కొసన కట్టిన బండి ముందుకు జరుగుతూ వచ్చి అరవై దగ్గర ఆగుతుంది. ఆ ఆగిన చోటునే మేం తొంభై అనేవాళ్లం. తొంభై పోగు అక్కడ తాడవుతుంది కాబట్టి. ఆ నక్షా రాసినవాడు మా పెద్ద మేస్త్రీయే అయ్యుంటాడు. వాడికి ఇంకో లెక్క తెలీదు.”

అరవై బారల దగ్గర ఏముందో మేనేజరమ్మకు ఎవరూ చెప్పక్కర్లేదు. బోరు మిషను అక్కడే నిలబడి ఉంది. ఆవిడ పరుగెత్తింది. వెళ్లేసరికి డ్రైవరు ఇంజను వేడెక్కిస్తున్నాడు, నేల సన్నగా వణుకుతోంది. ఆపమని చెయ్యి ఊపింది. ముందు ఇంజను ఆపించి, నేల వణుకు తగ్గాక మిషన్ని అంగుళం అంగుళం వెనక్కి నడిపించింది. తల్లి నింపాదిగా వచ్చి, ఎండాకాలంలో ఈ చోట అరికాళ్లు చల్లగా ఉండేవని, అందరూ ఇక్కడికొచ్చాక మెల్లగా నడిచేవాళ్లని, ఎందుకు చల్లగా ఉందో ఎవరూ అడగలేదని చెప్పింది.

గోడ వారగా పలకలు ఊడబీకితే కింద రాతిబండ, బండకు తుప్పు పట్టిన ఇనుప కడియం. నలుగురు పట్టి లేపారు. చల్లటి గాలి ఒక్కసారిగా మొహాలకు తగిలింది. చెడ్డగాలి ఉందేమోనని మీటరు దించి చూశారు. లేదు. లోపలికి ఇటుక మెట్లు కనిపించాయి. మేనేజరమ్మ లైటు పట్టుకుని ముందు దిగింది, వెనక డ్రైవరు. వద్దంటే వినని తల్లి ఆ వెనక.

ఇరవై రెండో మెట్టు మీద మేనేజరమ్మ లైటు పైకెత్తి అలాగే ఉండిపోయింది.

తొట్టి అంటే ఏదో గోలెం లాంటిది అనుకుంది. అది తొట్టి కాదు. వరసలు వరసలుగా ఇటుక స్తంభాలు, స్తంభం నుంచి స్తంభానికి కమాను, కమాను వెనక కమాను, లైటు వెలుగు ఎంత దూరం పోతే అంత దూరం అవే. నలభై ఎనిమిది దాకా లెక్కపెట్టి ఆవిడ లెక్క తప్పింది. అడుగున మోకాలి లోతు నీళ్లున్నాయి. ఎంత తేటగా ఉన్నాయంటే, నీళ్లున్నాయని డ్రైవరు కాలు పెట్టాకే తెలిసింది. అతని కాలి చుట్టూ లేచిన అల మెల్లగా పోయి, ఒక్కో స్తంభాన్నీ తాకి, చీకట్లో ఎక్కడో గోడకు తగిలి, చాలాసేపటికి తిరిగి వచ్చింది. ఇరవై ఏళ్లుగా భూమిని తొలుస్తున్న ఆ మనిషి హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. మాట్లాడితే ఆ మాట ఎక్కడెక్కడికి పోతుందోనని అందరికీ బెరుకు.

ఎవరు కట్టారో ఏమో, ఎవరూ చూడని చోట ఒక్కో ఇటుకనూ ఇంత ముచ్చటగా పేర్చారు. వరసల మధ్య సున్నం గీత కూడా వంకర పోలేదు. మేనేజరమ్మ ఇరవై ఆరేళ్లలో కట్టించినవన్నీ తలుచుకుంది. వాటిలో ఏదీ దీని ముందు నిలవదనిపించింది. అలా అనిపించినందుకు బాధ కలగలేదు, ఒళ్లు పులకరించింది. ఆ తర్వాత కప్పు వైపు చూసింది. కమాను నడినెత్తిన ఇటుక మందం జానెడు. దాని మీద నలభై టన్నుల మిషను రాత్రంతా నిలబడి ఉంది. ఇంకో అరగంట ఆగితే దాని మొన లోపలికి దిగేది. అలా దిగకుండా సరిగ్గా ఏ స్తంభం నెత్తినో పడి బతికిపోయి ఉంటే, ఈ జానెడు ఇటుక మీద మూడు వందల మంది పిల్లలు గంట కొట్టగానే పరుగెత్తేవాళ్లు. ఆవిడ మెట్టు మీద కూర్చుండిపోయింది.

తల్లి చెప్పులు విడిచి నీళ్లలోకి దిగింది. తల వెనక్కి వాల్చి కప్పు కింది వైపు చూస్తూ నిలబడింది.

“దీని మీదేనా మేం నడిచింది?” అంది. “పడిపోనివ్వకుండా ఎట్లా మోసిందే మమ్మల్ని.”

పైకి వచ్చాక మేనేజరమ్మ ముందుగా కంపెనీ చైర్మన్‌కు ఫోన్ చేసింది. సర్వేయరు మీదకో, యంత్రం మీదకో నెట్టేయొచ్చు. నెట్టలేదు. తొట్టి లేదన్న కాగితం తప్పని, సంతకం తనదేనని, తొట్టి దొరికిందని, షెడ్డులో ఆ భాగం మీద ఇక చీపురు కూడా బరువుగా పడకూడదని చెప్పింది. బడిని షెడ్డు అవతలి సగానికి జరపాలి, నక్షాలన్నీ మళ్లీ గీయాలి, పని ఆరు నెలలు వెనక్కి పోతుంది. ఆయన సాయంత్రం లోపు కొత్త రిపోర్టు పంపమన్నాడు. తొట్టి జాడ ఏ నిపుణుడు చెప్పాడో పేరు, వృత్తి, ఎన్నేళ్ల అనుభవమో రాయాలన్నాడు. అవి లేకుండా తను బోర్డు ముందు నోరెత్తలేనని, ఈసారి ఎవరి మాట నమ్మి సంతకం పెడుతున్నావో తనకు తెలియాలని అన్నాడు.

సైటు ఆఫీసు గదిలో ఆవిడ రిపోర్టు రాయడానికి కూర్చుంది. తల్లి ఎదుటి కుర్చీలో తడిసిన పాదాలు తువాలుతో తుడుచుకుంటోంది. నిపుణుడి పేరు అన్న చోట ఆవిడ తల్లి పేరు రాసింది. వృత్తి అన్న చోట కలం ఆగింది. బడి ఫారాల నుంచి ఉద్యోగం ఫారాల దాకా తల్లి వృత్తి అని ఎక్కడ అడిగినా ఆవిడ ఇన్నాళ్లూ ‘ఇంటిపని’ అనే రాసింది. వెనక్కి నడుస్తుంది అని రాస్తే తోటిపిల్లలు నవ్వుతారని మొదటిసారి అలా రాసింది, తర్వాత అలవాటైపోయింది. ఇప్పుడు ‘తాడు పేనడం’ అని రాసింది. అనుభవం దగ్గర, తను పుట్టిన ఏడాది పనికి వెళ్లి ఉండదని అది తీసేసి, ‘ముప్పై ఒక్క ఏళ్లు’ అని రాసింది. సిగ్గుతో చెవులు కాలిపోతుంటే తలెత్తలేదు.

ఏం రాశావో చదవమంది తల్లి. కళ్లజోడు తెచ్చుకోలేదట. కూతురు, పేరు దగ్గర మొదలుపెట్టి మొత్తం చదివి వినిపించింది.

తల్లి తువాలు పక్కన పెట్టింది. “ముప్పై ఒకటి కాదు, ముప్పై రెండు. నువ్వు కడుపులో ఉన్నప్పుడూ నడిచాను. నడుము చుట్టూ నార ఉంటే నువ్వున్నావని ఎవరికి తెలుస్తుంది? ఎనిమిదో నెల దాకా మేస్త్రీ కనిపెట్టలేకపోయాడు. అదీ కలిపి రాయి.”

మేనేజరమ్మకు అక్షరాలు కాసేపు కనిపించలేదు. కళ్లు తుడుచుకుని ‘ఒక్క’ కొట్టేసి ‘రెండు’ అని దిద్దింది. కింద సంతకం పెట్టింది.