పన్నెండో పేజీ అడుగున

ఆ ఆసుపత్రిలో పెద్దనర్సు చేతిరాత చూసి ముచ్చటపడని వాళ్లు లేరు. అచ్చు గుద్దినట్టుండేది. అందుకే ముప్ఫై ఏళ్ల క్రితం చికిత్సల పుస్తకం రాసే పని ఆమె నెత్తిన పడింది. ఏ జబ్బుకు ఏం చెయ్యాలో పెద్దడాక్టరు చెబితే ఆమె రాసేది. ఆ పుస్తకాన్నే చుట్టుపక్కల పద్దెనిమిది క్లినిక్కులకూ మళ్లీ మళ్లీ నకలు దింపింది. “మీ అక్షరాలు చూస్తేనే సగం జ్వరం దిగిపోతుందండీ” అని గుమాస్తా ఆటపట్టించేవాడు.

ఎక్కడెక్కడో వేలమంది రోగులను గమనించి, పాత పద్ధతి పనికిరాదని తేలితే కొత్త సూచన వచ్చేది. దాన్ని వేరే కాగితం మీద రాసి పాత పేజీ మీద అతికించేవాళ్లు. చింపడమన్న మాట లేదు. చింపితే కుట్టు వదులైపోతుందని పెద్దడాక్టరు ఒప్పుకునేవాడు కాదు. కాబట్టి తప్పు ఎక్కడికీ పోకుండా అడుగునే ఉండేది, ఒప్పు దాని మీద పడుకునేది.

పన్నెండో పేజీ పిల్లల విరేచనాలది. దాని మీద కొత్త కాగితం అతికించి పదకొండేళ్లయింది. “ప్రతి విరేచనం తర్వాతా ఓఆర్ఎస్ నీళ్లు చెంచాతో పడుతూ ఉండాలి. తల్లిపాలు మాన్పకూడదు.” అడుగున ఏముందో ఆమె తెరిచి చూడక్కర్లేదు. “విరేచనాలు కట్టేవరకు నీళ్లు, పాలు ఇవ్వరాదు.” ఇవ్వరాదు కింద ఎర్రసిరాతో రెండు గీతలు.

ఆ గీతలు గీసిన ఏడాదే చెల్లెలి కొడుకు ఆమె వార్డులో చేరాడు. వాడికి నిండా రెండేళ్లు లేవు. బూరెబుగ్గలవాడని అందరూ వాణ్ణి బూరెగాడు అనేవాళ్లు. ఒక్కరోజులో ఆ బుగ్గలు లోపలికి పీక్కుపోయాయి. వాడు ఎండిన పెదాలు నాలుకతో తడుముకుంటుంటే చూడలేక చెల్లెలు అక్క కాళ్లావేళ్లా పడింది.

“ఒక్క గుక్క పట్టనివ్వక్కా.”

“పడితే ఇంకా ఎక్కువవుతాయే. పుస్తకంలో ఉంది. నా మాట విను.”

మర్నాటికి వాడు పోయాడు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయాక చెల్లెలు అక్క చెవిలో ఒక మాట చెప్పింది. “నువ్వు మందులగదిలోకి వెళ్లినప్పుడు దొంగతనంగా మూడు చెంచాల నీళ్లు పట్టాను. నా కొడుకుని నేనే చంపుకున్నాను.”

పెద్దనర్సు కూడా అప్పుడు అదే నిజమనుకుంది. అలా అనుకోవడం ఆమెకు ఎంత తేలిగ్గా ఉండిందో చెప్పుకుంటే సిగ్గుచేటు.

చెల్లెలు కుట్టుపనిలో పడి బతుకు ఈడ్చింది. బట్టలు కుట్టించుకోవడానికి ఎవరొచ్చినా నీళ్లు వాళ్లే ముంచుకోవాలి. తన చేత్తో ఎవరికీ ఇవ్వదు. మర్యాద తెలియని మనిషని వీధంతా చెప్పుకుంటుంది.

పదకొండేళ్ల క్రితం కొత్త సూచన వచ్చినప్పుడు పెద్దనర్సుకు బూరెగాడు ఎందుకు పోయాడో తెలిసింది. అయినా పద్దెనిమిది కాగితాలూ రాసింది, ఒక్క అక్షరం చెడలేదు. చెల్లెలికి మాత్రం చెప్పలేదు. రేపు చెబుదాం, ఈ పండక్కి పోనీ, దాని ఒంట్లో బాగాలేదు, ఇంకోసారి చూద్దాం అనుకుంటూ నెట్టుకొచ్చింది. దీన్ని పిరికితనమే అంటారు.

అప్పటినుంచే చెంచా చప్పుడు ఆమెను పట్టుకుంది. తల్లులకు ఓఆర్ఎస్ కలపడం చూపించి గ్లాసు కింద పెడుతుందా, వెనకాల ఖాళీ మంచం దగ్గర చెంచా మోగేది. మూడు సార్లు మోగి ఆగిపోయేది. తిరిగి చూస్తే దుప్పటి మడత కూడా చెదిరి ఉండేది కాదు. పట్టపగలు, అంతమంది పిల్లల ఏడుపుల మధ్య కూడా ఆమెకు ఆ చప్పుడే వినబడేది.

మొన్న చేతిరాత పుస్తకాల బదులు అచ్చుపుస్తకాలు వచ్చాయి. క్లినిక్కుల నుంచి పాతవన్నీ తిరిగొచ్చాయి. “దార్లో వాన పట్టుకుందండీ, ఒకటి నానిపోయింది” అని గుమాస్తా తడి పుస్తకం బల్ల మీద పెట్టాడు. పెద్దనర్సు తెరవగానే పన్నెండో పేజీ మీది కాగితం జిగురు వదిలి చేతిలోకి వచ్చేసింది. అడుగున తన రాత, నిన్న రాసినంత నల్లగా ఉంది. ఆమె వెనకాల చెంచా మోగింది.

ఆ మధ్యాహ్నమే పుస్తకం సంచిలో పెట్టుకుని చెల్లెలి ఇంటికి వెళ్లింది. చెల్లెలు కుట్టుమిషను ఆపి, అడుగు పేజీ చదివింది. తర్వాత ఊడిన కాగితం చదివింది. మళ్లీ మొదటిది చదివింది.

“వాడికి నీళ్లు పట్టడం తప్పు కాదే,” అంది పెద్దనర్సు. “పట్టనివ్వకపోవడమే తప్పు. నువ్వు కాదు, నేను చంపాను వాణ్ణి. పదకొండేళ్లుగా నాకు తెలుసు. చెప్పడానికి ముఖం చెల్లలేదు.”

తిడుతుందనుకుంది. మెడపట్టి గెంటినా బాగుండుననుకుంది. చెల్లెలు వేలితో ఎర్రగీతలు నిమిరింది.

“మూడుతో వాడికి చాల్లేదక్కా,” అంది చివరికి. “నాలుగోదానికి నోరు తెరిచాడు. నీ చెప్పుల చప్పుడు వినబడి చెంచా దాచేశాను.”

పెద్దనర్సు నోరు ఎండిపోయింది. నీళ్లు కావాలని అడగలేకపోయింది. చెల్లెలు ఒకసారి బిందె వైపు చూసింది కానీ లేవలేదు.