వెల్వెట్ మీద చెయ్యి

నాకు పోయింది మాట. బుద్ధి కాదు. ఈ సంగతి డాక్టరుకు తెలుసు, నాకు తెలుసు, మా తమ్ముడి బుర్రకు మాత్రం ఎక్కలేదు. మెదడులో ఎడమవైపు రక్తనాళానికి గడ్డ అడ్డుపడి మాటలుండే చోటు దెబ్బతిన్నదని, ఆలోచన చెక్కుచెదరలేదని డాక్టరు రెండుసార్లు విడమరిచి చెప్పాడు. వాడు బుద్ధిగా తలూపి, ఇంటికొచ్చాక నాతో చంటిపిల్లతో మాట్లాడినట్టు సాగదీసి మాట్లాడాడు. ఒళ్ళు మండింది. తిడదామంటే మాట దొరకలేదు.

మా కుట్టు దుకాణంలో ఇరవై ఆరేళ్ళుగా గుడ్డ కోసేది నేనే. ఇప్పుడు కుడిచెయ్యి కత్తెర పట్టదు. అందుకని తమ్ముడు కొత్త కటింగ్ మాస్టర్ని తెచ్చాడు. ఇవాళ కోటు బాగా కోస్తే నా బల్ల అతనిది, నాకు ఇంట్లో విశ్రాంతి. నన్ను అడిగిన పాపాన పోలేదు. నా ఎదురుగానే మాట్లాడుకుని తేల్చేశారు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. మాస్టరు వచ్చీ రాగానే మెరూన్ వెల్వెట్ పరిచి, కాగితపు అచ్చులు పెట్టి సుద్దతో చకచకా గీతలు గీశాడు. గుడ్డ కలిసొస్తుందని వీపు అచ్చు ఒకవైపుకు, ముందు అచ్చులు తలకిందులుగా పెట్టాడు. మామూలు గుడ్డయితే చెల్లేది. వెల్వెట్‌కు ఒకే దిక్కుకు వాలిన నూగుంటుంది. అచ్చులన్నీ ఒకే దిక్కుకు లేకపోతే కోటు ముందొక రంగు, వెనకొక రంగు కొడుతుంది. ఆ గుడ్డ మళ్ళీ దొరికేది కాదు.

అతను కత్తెర తీశాడు. నేను ఎడమచెయ్యి సరిగ్గా దాని దారిలో పరిచాను.

"అక్కా, చెయ్యి తియ్యి. తెగుతుంది" అన్నాడు తమ్ముడు.

తియ్యలేదు. తెగితే వేళ్ళు తెగనీ, గుడ్డ తెగకూడదు. వాడు నా మణికట్టు పట్టుకోబోతే నేనే వాడి చెయ్యి పట్టుకుని, వీపు గీతల మధ్య మెడ నుంచి కిందికి నిమిరించాను. నున్నగా జారింది. ముందు భాగం మీద కూడా మెడ నుంచి కిందికే నిమిరించాను. గరుకుగా తగిలింది. వాడి ముఖం పాలిపోయింది.

మరి ఎలా పెట్టమంటారని మాస్టరు తమ్ముడిని అడిగాడు.

"అక్కనడుగు. బల్ల అక్కది."

"ఆవిడకి మాట రాదు కదండీ."

"వస్తుంది. ఆగు."

ఆగారు. మాట గొంతుదాకా వచ్చి జారిపోయింది. ఇంకోటి వచ్చింది, అది కాదు. చెమటలు పట్టాయి. ఎవరూ అందించలేదు. అందిస్తే కొట్టేదాన్నే.

"తిప్పు" అన్నాను.

మాస్టరు కత్తెర పక్కన పెట్టి, గీతలు దులిపి, అచ్చులు తిప్పాడు.